చింతపండు గోదాంలో ఆరు బోణీలు

ఇది ఒక మహాగాథ. తూర్పు కనుమల గుండెల్లోంచి ఉరుములా లేచిన ఒక రాక్ బ్యాండు, నెత్తురూ చెమటా కన్నీళ్ళూ కలిపి చేసిన ఆల్బమ్, దేశాన్ని ఊపేసిన ఆరు పాటలు, త్యాగం, ద్రోహం, ఆఖరికి విజయం. అన్నీ ఇందులో ఉన్నాయి.

లేవు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. నెత్తురు ఒక్కసారే వచ్చింది, అదీ గోనెసంచులు కుట్టే దబ్బనం గుచ్చుకుని, నాకు. చెమట పట్టే కాలం కాదు, జనవరి. కన్నీళ్ళు వచ్చిన మాట నిజమే కానీ వాటికి కారణం పాత చింతపండు దుమ్ము. దేశం ఊగలేదు. నాలుగు వెబ్‌సైట్లు తలలూపాయి. మా రాయగడలో ఎవరూ తల కూడా ఊపలేదు, ఎందుకంటే ఎవరూ వినలేదు.

నేను రికార్డింగ్ ఇంజినీరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. వయసు ముప్ఫై ఒకటి. పింఛను లేదు, శాలువా లేదు. ఇప్పుడు కొరాపుట్‌లో ఇన్వర్టర్లూ బ్యాటరీలూ అమ్ముతున్నాను. మా మావయ్యకి రాయగడలో మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకీ పూజా పందిళ్ళకీ బాక్సులు మోసి మోసి, ఇదే చదువనుకుని విశాఖపట్నంలో ఆరునెలల సౌండ్ కోర్సు చేసి వచ్చాను. నా ఉద్యోగ జీవితం మొత్తంలో చెప్పుకోదగ్గది ఈ ఒక్క ఆల్బమే. సౌండ్ ఇంజినీరు కావాలని కలలుగనే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అప్పుడప్పుడూ షాపుకొచ్చి అడుగుతుంటారు, ఆ సౌండు ఎలా తెచ్చారన్నా అని. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను.

ముందు మనుషులు. పేర్లు చెప్పను. చెబితే ఎవరో ఒకరు వెతికి వింటారు, ఆ పాపం నాకెందుకు.

గిటారిస్టు మా ఊరి హోల్‌సేల్ షావుకారు కొడుకు. బెంగళూరులో ఇంజినీరింగ్ మూడేళ్ళు చదివి, గడ్డంతోనూ ఒక బాధతోనూ తిరిగొచ్చాడు. గడ్డం ఎందుకో తెలుసు. బాధ ఎందుకో అతనూ వెతుక్కుంటూ ఉండేవాడు. కొండల నెత్తురు గురించీ, నోరులేని అడవి గురించీ పాటలు రాశాడు. బస్సు వెళ్ళే రోడ్డు దాటి ఏ కొండా ఎక్కినట్టు దాఖలాలు లేవు. కానీ వాయించడం వచ్చు. అది ఒప్పుకోవాలి.

డ్రమ్మరు తెరుబలిలో ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కొలిమి దగ్గర ఎనిమిది గంటలు నిలబడి, అక్కణ్ణుంచి మోటారుసైకిల్ మీద వచ్చి డ్రమ్ముల ముందు కూర్చునేవాడు. అతని షిఫ్టులను బట్టి మా రికార్డింగు. బేస్ గిటారు వాయించేవాడు కూడా ఒకడుండేవాడు. అతను మాట్లాడడు. మేం ఎప్పుడైనా తలుపు వేసేసి వెళ్ళిపోతే లోపల ఉండిపోయేవాడు, తర్వాత గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాళ్ళం.

పాడే అమ్మాయిని తెచ్చింది నేను. దసరా పందిళ్ళలో మా మావయ్య మైకులో తెలుగూ హిందీ ఒడియా పాటలు పాడేది. వాళ్ళమ్మ మునిసిపాలిటీలో వీధులు ఊడ్చే పనిచేసి, సర్వీసులో ఉండగానే చనిపోయింది. తల్లి పోయిన చోట పిల్లకి ఏదో ఒక ఉద్యోగం ఇవ్వాలి. ఆ ఫైలు రెండేళ్ళుగా ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదకి నడుస్తోంది. ఉద్యోగం వస్తే వాళ్ళుంటున్న మునిసిపల్ క్వార్టరు ఉంటుంది, రాకపోతే ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేస్తే అమ్మమ్మని తీసుకుని ఎక్కడికి వెళ్ళాలో తెలీదు. ఈ పిల్ల వారానికి రెండుసార్లు ఆఫీసుకెళ్ళేది. హెడ్ క్లర్కును అక్కడ అందరూ బొడోబాబు అంటారు. ఆయన తలెత్తకుండానే 'కాలి ఆసొ' అనేవాడు. రేపు రమ్మని. ఆ రేపు రెండేళ్ళుగా రేపే.

ఇక స్టూడియో. స్టూడియో అంటే షావుకారు గారి చింతపండు గోదాం. కొత్త చింతపండు ఫిబ్రవరిలో దిగుతుంది, కొండచీపుర్లు అప్పటికే అమ్ముడైపోయాయి, మధ్యలో పది రోజులు గోదాం ఖాళీ. గోడల నిండా ఖాళీ గోనెసంచులు వేలాడదీశాం. ప్రతిధ్వని పోయింది, తుమ్ములు వచ్చాయి.

షావుకారు గారు ఊరికే ఇవ్వలేదు. వీళ్ళ తాతలు పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ కాటా పెట్టినవాళ్ళు. మనిషి మాటకన్నా పద్ధతి మీద నమ్మకం ఎక్కువ. మొదటిరోజు పొద్దున్నే వచ్చి, నా లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ పసుపూ కుంకుమా పెట్టి, అగరొత్తులు వెలిగించారు. ఒక మీటలోకి కుంకుమ పోయింది. ఆ మీట ఇప్పటికీ కరకరమంటుంది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, మీ పనిలో ముందేం చేస్తారని అడిగారు.

ఇక్కడ కొంచెం పనిగురించి చెప్పాలి, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. పాట రికార్డు చేసేటప్పుడు ముందు అందరూ కలిసి ఒకసారి వాయించి పాడేస్తారు. దాన్ని గైడ్ టేకు అంటారు. ఇల్లు కట్టేటప్పుడు కట్టే సారవ కర్రల్లాంటిది. ఆ టేకు వింటూ డ్రమ్మరు మళ్ళీ శుభ్రంగా వాయిస్తాడు, తర్వాత బేసు, తర్వాత గిటారు, తర్వాత గొంతు. ఒక్కోదాన్నీ వేరే వేరేగా, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. అన్నీ అయ్యాక గైడ్‌ను చెరిపేస్తారు.

షావుకారు గారు చెరిపేస్తారన్న మాట దగ్గర ఆగిపోయారు.

“ముందు పడింది బోణీ కదేటి. బోణీని సెరిపేస్తావా?”

అది పాట కాదండీ, ఊరికే కొలతకి అని చెప్పాను.

“పొద్దున్నే బోణీకి వచ్చినోడు పావుకిలో ఉప్పడిగినా తిప్పి పంపం బావూ. నువ్వు దాన్ని సెరిపేవంటే మాత్రం ఈ గోదాంకి తాళవే.”

చెరపనని మాటిచ్చాను. కంప్యూటర్లో చోటుకేం కొదవ? 'బోణీ' అని ఒక ఫోల్డరు చేసి, గైడ్లన్నీ అందులో పడేస్తూ వచ్చాను. పారేసే సరుకే కదా అని ఇంకో వెసులుబాటు కూడా చూసుకున్నాను. మామూలుగా డ్రమ్ములు ఒక దారిలో, గొంతు ఒక దారిలో, ఇలా ఎనిమిది దారుల్లో విడివిడిగా రావాలి. గైడ్‌కి అంత శ్రమ ఎందుకని అన్నిటినీ కలిపేసి రెండు దారుల్లో పోసేశాను. గోదాంలో చలి. తీగలు చిక్కుపడి ఉన్నాయి. కారణాలు ఇవే, దీని వెనక ఇంకే ఆలోచనా లేదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనికి పెద్దపెద్ద పేర్లు పెట్టారు.

ఇంకో పంచాయితీ లెక్క దగ్గర వచ్చింది. పాట మొదలయ్యే ముందు డ్రమ్మరు పుల్లలు కొడుతూ 'వన్, టూ, త్రీ, ఫోర్' అనాలి. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న షావుకారు గారు చెయ్యెత్తారు. వాళ్ళ వ్యాపారంలో సరుకు కొలిచేటప్పుడు ఒకటి అనరు. మొదటి కొలతకి 'లాభం' అంటారు, తర్వాత రెండు, మూడు. ఆ గోదాంలో ఇప్పటిదాకా ఎవరూ ఒకటితో లెక్క మొదలుపెట్టలేదట. డ్రమ్మరుకి అభ్యంతరం లేదు. వాళ్ళ నాన్న ఇదే షావుకారు దగ్గర కాటా మనిషి, ఆ లెక్క వింటూనే పెరిగాడు. గిటారిస్టుకి మాత్రం ప్రాణం పోయినంత పనైంది. దోపిడీ మీద పాట లాభంతో ఎలా మొదలెడతామని తండ్రిని నిలదీశాడు.

“ఇప్లవం మీ ఇష్టం. లెక్క మాత్రం ఇలగే.”

ఎలాగూ గైడ్‌తో పాటు ఆ లెక్క కూడా పోతుందని అందరం సర్దుకున్నాం. అలా ప్రతి పాటా 'లాభం, రెండు, మూడు, నాలుగు'తోనే మొదలైంది. తొమ్మిదిరోజుల్లో ఐదు పాటలు అయ్యాయి. గైడ్ ఒక్కసారిలో అయిపోయేది. అసలు టేకులు అయ్యేవి కావు. గిటారిస్టు ప్రతి సాయంత్రం కళ్ళు మూసుకుని వినేవాడు. బాగుంది అనేవాడు. తర్వాత, కానీ అనేవాడు. నాకు 'కానీ' అనే మాటమీద అసహ్యం అప్పుడే మొదలైంది. మూడో పాట గొంతు ముప్ఫై ఏడుసార్లు పాడించాడు. ఇంకా బాధ కావాలన్నాడు.

“ఎంత గావాలో సెప్పండి, తూకం ఏసి ఇస్తాను,” అంది ఆ అమ్మాయి.

బేస్ వాయించేవాడు నవ్వాడు. అతని పళ్ళు చూడడం అదే మొదటిసారి.

పదోరోజు ఆరో పాట మిగిలింది. ఆల్బమ్‌కి అదే తలకాయ అని గిటారిస్టు ఉద్దేశం. ఆ పాటలో మనిషి ఏ సర్కారీ కచేరీ మెట్లూ ఎక్కనంటాడు, ఏ సంతకం కోసమూ నిలబడనంటాడు, రాజముద్రలన్నీ తిరస్కరిస్తాడు. మధ్యలో గిటారు సోలో రెండు నిమిషాలు. ఆ సోలోకి అతను ఆర్నెల్లుగా తయారవుతున్నాడు.

తొమ్మిదిన్నరకి ఆ అమ్మాయికి ఫోనొచ్చింది. వాళ్ళమ్మతో కలిసి పనిచేసినావిడ, మునిసిపాలిటీ గేటు దగ్గర నుంచి. భువనేశ్వర్ నుంచి పెద్దసారు వచ్చారని, పదకొండింటికి కాగితాలు చూస్తారని, ఒంటిగంటకి కారెక్కేస్తారని, ఇవాళ కనబడనివాళ్ళ ఫైలు ఆయనతో పాటే వెనక్కి పోతుందని చెప్పింది. వెనక్కి పోయిన ఫైలు మళ్ళీ ఎప్పుడొస్తుందో బొడోబాబుకే తెలీదు.

ఆ అమ్మాయి ఫోను పెట్టేసి, ఇంటికెళ్ళి కాగితాల కవరు తెచ్చుకుంది. ఒక్కసారి పాడి వెళ్ళిపోతానంది. సరే ముందు గైడ్ కానిద్దామన్నాడు గిటారిస్టు. అతని లెక్కలో గైడ్ తర్వాత రోజంతా ఉంది. ఆమె లెక్కలో గైడ్ తర్వాత ఏమీ లేదు. ఇద్దరూ ఒకే మాట అనుకుని వేరే వేరే సంగతులు అర్థం చేసుకున్నారని నాకు తెలుసు. చెప్పలేదు. మధ్యలో దూరడం నా ఉద్యోగంలో లేదు.

లాభం, రెండు, మూడు, నాలుగు.

కవరు చంకలో పెట్టుకుని పాడింది. గోడమీద గడియారం కేసి చూస్తూ పాడింది. డ్రమ్మరు ఆమె మొహం చూసి వేగం పెంచాడు. ఎప్పుడూ నీరసంగా నడిచే పాట పరిగెత్తింది. ఏ కచేరీ మెట్లూ ఎక్కను అన్న చోట ఆ పిల్ల గొంతు ఒణికింది. మరి ఇంకో గంటలో ఆ మెట్లే ఎక్కాలి కదా. ఎక్కనిస్తారో లేదో తెలీదు కదా. సోలో వచ్చింది. గిటారిస్టు కళ్ళు మూసుకుని, మెడ వెనక్కి వాల్చి, ఆర్నెల్ల తపస్సు విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు ఆవృత్తాలు అయ్యాయి. ఆమె గడియారం చూసింది. ఇక ఆగలేక చరణం ఎత్తేసింది. డ్రమ్మరూ బేసూ ఆమె వెంట వెళ్ళిపోయారు. గిటారిస్టు కళ్ళు తెరిచేసరికి తపస్సు భంగమై, తాను ఒక్కడే పాటకి వెనక మిగిలాడు. పరిగెత్తి అందుకున్నాడు. ఆరు నిమిషాల పాట నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

ఆమె చెప్పులేసుకుంది.

అప్పుడు మొదలైంది. ఇప్పుడు అసలుది మొదలెడదామన్నాడు అతను. తాను వెళ్ళాలంది. ఆమె వెళితే పాట లేదు, రేపటి నుంచి గోదాం లేదు, ఈ పాట లేకపోతే ఆల్బమ్ లేదు అన్నాడు. ఇది చరిత్ర అన్నాడు. నిజంగానే ఆ మాట వాడాడు, నేను పక్కనే ఉన్నాను.

“సరిత్ర అయితే మల్లీ టైమిస్తాదండి. బొడోబాబు ఇవ్వడు.”

గిటారిస్టు మొహం ఎర్రబడింది. గుమ్మం దాటితే ఆల్బమ్‌లో ఆమె గొంతు ఉండదని, పాడిన ఐదు పాటలూ విశాఖపట్నంలో తనకి తెలిసిన ఇంకో అమ్మాయి చేత మళ్ళీ పాడిస్తానని అన్నాడు. ఆ ఐదు పాటలకోసం ఆ పిల్ల తొమ్మిదిరోజులు పందిరి పాటలు మానుకుని వచ్చింది. పందిట్లో పాడితే చప్పట్లు ఇంటికి వెళ్ళేలోపు ఆరిపోతాయి, ఇది మాత్రం ఉంటుంది కదన్నా అని నాతో ఒకసారి అంది. నేను ఉంటుందన్నాను. అది నేనిచ్చిన మాట. షావుకారుకి ఇచ్చినదాన్ని నిలబెట్టుకున్నాను, ఎందుకంటే ఆయన దగ్గర తాళం ఉంది. ఈ పిల్ల దగ్గర ఏముంది? నేను తీగ చుడుతూ నిలబడ్డాను.

ఆమె కవరు రెండో చేతిలోకి మార్చుకుంది.

“తీసేత్తే తీసేయండి. మా అమ్మమ్మ ఎక్కడ తొంగుంటాది, అది సెప్పండి నాకు.”

డ్రమ్మరు పుల్లలు సంచిలో పెట్టుకుని లేచాడు. తనకీ బి-షిఫ్టు ఉందన్నాడు. అప్పటికి ఇంకా పదిన్నర కాలేదు, బి-షిఫ్టు మధ్యాహ్నం. అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు షావుకారు గారు వచ్చారు. మునిగుడ నుంచి చింతపండు లారీ ఒకరోజు ముందే దిగిందట. వెనకే కూలీలు వచ్చి గోడల మీద గోనెసంచులు ఊడదీయడం మొదలుపెట్టారు. ఆయన నన్నొక్కటే అడిగారు, బోణీ అయిందా అని. అయిందన్నాను. మరింకేటి అన్నట్టు చూశారు. తర్వాత చెప్పులతో నిలబడ్డ పిల్లను చూసి సంగతి కనుక్కున్నారు.

“నాకూ లైసెన్సు పనుంది మునిసిపాలిటీలో. ఎక్కు అమ్మీ.”

ఇదంతా సినిమాలో అయితే షావుకారు గారి స్కూటర్ మబ్బుల్లోంచి వెళుతుంది. ఇక్కడ మూడుసార్లు కిక్కు కొడితే గానీ లేవలేదు.

పెద్దసారు పదకొండింటికి రాలేదు. పన్నెండుంబావుకి వచ్చారు. ఆ గంటంబావులో ఇరవై టేకులు అయ్యేవని గిటారిస్టు ఇప్పటికీ అంటుంటాడు. కాగితాలు చూశారు, ఒక కాగితం తక్కువుందన్నారు, అయినా పేరు పక్కన టిక్కు పెట్టారు. ఫైలు బతికింది.

మిగతా పని కొరాపుట్‌లో, నేను అద్దెకున్న గదిలో. బయట పొగమంచు, లోపల గిటారిస్టు. అన్నంత పనీ చేశాడు. విశాఖపట్నం అమ్మాయి ఐదు పాటలూ పాడి పంపింది. శ్రుతిలో ఒక్క మరక లేదు. ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టు పాడింది. వాటిని అతికించాను. మిగిలింది ఆరోది. దానికి ఉన్నది బోణీ ఒక్కటే. గొంతు తీసెయ్యమన్నాడు. రాదన్నాను. అంతా రెండు దారుల్లో కలిపి పోశానని అప్పుడు చెప్పాల్సి వచ్చింది. గొంతు లాగితే డ్రమ్ములు వస్తాయి, డ్రమ్ములు లాగితే అతని గిటారూ వస్తుంది. నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, వాటిలో మాత్రం బాధ పుష్కలంగా ఉంది. అయితే మళ్ళీ వాయిద్దామని డ్రమ్మరుకి ఫోను చేశాడు. సెలవులయిపోయాయని, ఉన్నా రానని అతను జవాబిచ్చాడు.

అలా ఆరు పాటలూ వరసగా పెట్టుకుని విన్నాం. ఐదు ఇస్త్రీ పాటలు వచ్చాయి. తర్వాత ఆరోది వచ్చింది. అది వచ్చాక ముందు విన్న ఐదూ ఏమిటో గుర్తుకు రాలేదు. గిటారిస్టు ఈసారి 'కానీ' కూడా అనలేదు. అప్పుడు మూలనుంచి బేస్ వాయించేవాడు నోరు విప్పాడు. అతను ఆ గదిలో ఉన్నాడని నాకు అప్పుడే తెలిసింది.

“బోణీలు పెట్టు.”

పెట్టాను. లాభం, రెండు, మూడు, నాలుగు. మొదటి పాటలో ఆ పిల్ల తుమ్మింది. రెండోదాంట్లో తలుపు కిర్రుమంది. గిటారు రెండుచోట్ల తప్పింది. అయినా నలుగురు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తున్నట్టుంది, అంతే. ముప్ఫై ఏడుసార్లు పాడించి పిండితే రానిది, పారేద్దామనుకుని పాడినదాంట్లో ఉంది. గిటారిస్టు లేచి బయటికెళ్ళాడు. పావుగంట మంచులో నిలబడి వచ్చి, ఇవే పంపు అన్నాడు. అతని సోలో తెగిపోయింది కూడా అందులోనే ఉంది. అది తెలిసే అన్నాడు. అతణ్ణి నేను ఇన్నిమాటలు అంటున్నాను గానీ ఆ ఒక్క పావుగంటకి దణ్ణం పెడతాను. తర్వాత మామూలు మనిషైపోయాడు.

ఆల్బమ్ బయటికి వచ్చింది. ఢిల్లీ నుంచి ఒక విమర్శకుడు 'లాభం' అన్న లెక్క మీద రెండు పేరాలు రాశాడు. కొండల్ని సరుకుగా తూచే వ్యవస్థ మొహాన కొట్టిన కొరడా అన్నాడు. గిటారిస్టు ఇంటర్వ్యూలో తల పంకించి, అవును, ఆ ఆలోచన మొదటినుంచీ ఉంది అన్నాడు. తెగిపోయిన సోలో మగ అహంకారానికి రాక్ సంగీతం వేసుకున్న శిక్ష అని ఒకావిడ రాసింది. తుమ్ము గురించి కూడా రాశారు. గనుల ధూళి అట. ఇదంతా షావుకారు గారికి కొడుకు చదివి వినిపించాడు. ఆయన శ్రద్ధగా విని, అయితే లెక్క అందరికీ నచ్చిందన్నమాట అని సంతోషించి, తూకానికి వెళ్ళిపోయారు.

నన్ను కూడా వదల్లేదు. ఒక కాలేజీలో ప్రసంగానికి పిలిచి, ఆ మసక ధ్వని వెనక మీ తాత్త్విక నేపథ్యం ఏమిటన్నారు. తీగలు చిక్కుపడ్డాయండీ అన్నాను. వినయం అనుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత నాలుగు బ్యాండ్లు వచ్చి, మాకూ అలాంటి మసకే కావాలన్నాయి. ప్రయత్నించాను. గోనెలు కట్టాను, అన్నీ రెండు దారుల్లో పోశాను, లాభం అని కూడా అనిపించాను. మసక వచ్చింది, ఇంకేమీ రాలేదు. కావాలని చేసిన బద్ధకం వినగానే తెలిసిపోతుంది. ఐదో బ్యాండు వచ్చేలోపు విరమించుకున్నాను. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నా దగ్గర నేర్చుకోవడానికి ఉన్న కిటుకు ఇదే, ఇది ఎలాగూ పనిచెయ్యదు.

ఆ అమ్మాయికి ఎనిమిది నెలల తర్వాత ఉద్యోగం వచ్చింది. జనన మరణ ధ్రువపత్రాల కౌంటరు. క్వార్టరు నిలిచింది. ఆల్బమ్ వచ్చిన వారం నేను అక్కడికి వెళ్ళాను. చెప్పాల్సిన మాట ఒకటుంది నాకు. కౌంటరు దగ్గర లైన్లో నిలబడ్డాను, నా వంతు వచ్చింది.

“ఆరూ నీవేనమ్మా,” అన్నాను.

“ఆరూ?”

“ఆరూ. పేరు కూడా ఉంది.”

“తుమ్మేను కదన్నా. తీసేసేవా?”

“తియ్యడానికి రాదు.”

ఫోను అందించాను. ఒక చెవిలో పెట్టుకుని ఆరో పాట విన్నది. నా వెనక పన్నెండుమంది ఉన్నారు. ఒకాయన గొణిగాడు. బొడోబాబు తన గదిలోంచి తొంగిచూశాడు, ఏమనుకున్నాడో, వెనక్కి వెళ్ళిపోయాడు. నాలుగు నిమిషాలు ఆ కౌంటరు కదల్లేదు. ఆమె ముద్ర పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంది. పాట అయ్యాక ఫోను తిరిగిచ్చింది.

“బాగుంది. కూసింత తొందరలో ఉన్నట్టుంది,” అని, తర్వాతి మనిషిని పిలిచింది.

ఇప్పుడు బ్యాండు ఊళ్ళు తిరుగుతుంది. ఆమెకి సెలవు దొరికినప్పుడు ఆమె పాడుతుంది, లేనప్పుడు విశాఖపట్నం అమ్మాయి పాడుతుంది. అభిమానులు అప్పుడప్పుడూ రాయగడ వచ్చి, ఆ గొంతు మనిషిని చూడాలని నాకు ఫోను చేసి దారి అడుగుతుంటారు. వాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాను. రెండో శనివారం, నాలుగో శనివారం ఆఫీసు ఉండదు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం ఒకటిన్నర దాటితే దరఖాస్తులు తీసుకోరు. పుట్టిన సర్టిఫికెట్‌కైతే ఆసుపత్రి చీటీ ఒరిజినలూ, రెండు జిరాక్సులూ కావాలి. జిరాక్సు షాపు గేటుకి ఎదురుగానే ఉంది, కరెంటు ఉంటే.